గుల్లల్లోని బోరాన్‌ను బట్టి పాత సముద్రాల ఆమ్లత్వం చెప్పడం: ఎంతవరకు నమ్మవచ్చు?

తిరువాన్మియూర్_కెరటం

అందరికీ నమస్కారమండీ. నేను చెన్నై ఓఎంఆర్‌లో డేటా అనలిటిక్స్ పని చేస్తాను, భూగర్భశాస్త్రం చదువుకోలేదు. సముద్రాలు ఆమ్లత్వం వైపు జరుగుతున్న సంగతి చదువుతుంటే 5.6 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు పీహెచ్ (ఎంత తగ్గితే ఆమ్లత్వం అంత ఎక్కువ) గ్రాఫ్ ఒకటి కంటపడింది. పీహెచ్ అనే కొలతే 1909లో సోరెన్సెన్ పెట్టాడు. హవాయి దగ్గర నడిసముద్రంలో ఏటా క్రమం తప్పకుండా కొలవడం 1988లో మొదలైందట. మరి కోట్ల ఏళ్ల కిందటి నీళ్ల పీహెచ్‌ని రెండో దశాంశం దాకా ఎలా చెబుతున్నారు? గ్రాఫ్ కింద "గుల్లల్లోని బోరాన్ ఐసోటోపులు" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. గుల్ల ఉంది, బోరాన్ ఉంది, పీహెచ్ ఎక్కణ్ణుంచి వచ్చింది? మధ్యలో ఉన్న మెట్లన్నీ తెలుసుకోవాలని ఉంది. లెక్కలు ఉంటే లెక్కలే పెట్టండి, కూర్చుని చేసుకుంటాను.

పెరంబూర్_మాస్టారు

బాబూ, అడగవలసిన ప్రశ్నే అడిగారు. నేను చాలాకాలం రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను, కాబట్టి ఆ భాగం నేను చెబుతాను.

బోరాన్ మనకి ఎరిగిన సరుకే. కంసాలి దగ్గర ఉండే వెలిగారంలోనూ, క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరులోనూ ఉన్నది అదే. సముద్రపు నీటిలో కిలోకి సుమారు 4.5 మిల్లీగ్రాములు ఉంటుంది. నీళ్లలో దానికి రెండు రూపాలు. ఒకటి బోరిక్ ఆమ్లం, రెండోది బోరేట్ అయాన్. పీహెచ్ తగ్గితే మొదటిది పెరుగుతుంది, పీహెచ్ పెరిగితే రెండోది పెరుగుతుంది. 25 డిగ్రీల సముద్రపు నీటిలో రెండూ సగం సగం ఉండే పీహెచ్ దాదాపు 8.6. దీన్నే పీకే అంటారు. ఈనాటి సముద్రపు పైనీళ్ల పీహెచ్ 8.1 చుట్టుపక్కల. అంటే సముద్రం ఉన్న చోటే ఈ తూకం బాగా కదిలే చోటు కూడా. పీహెచ్ 3 దగ్గరో 12 దగ్గరో ఉండే సముద్రమైతే బోరాన్ మనకి ఎందుకూ పనికొచ్చేది కాదు.

ఇక ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు. బోరాన్‌లో 10 బరువున్నది సుమారు 20 శాతం, 11 బరువున్నది 80 శాతం. ఇవి రెండు రూపాల్లోనూ సమానంగా పంచుకోవు. బరువైన 11 బోరిక్ ఆమ్లం వైపు మొగ్గుతుంది, బోరేట్‌లో తేలికైన 10 పాలు కాస్త ఎక్కువ. ఈ తేడా వెయ్యికి 27 వంతులు, అంటే 27 పర్ మిల్. 2006లో క్లోచ్కో బృందం ప్రయోగశాలలో కొలిచిన విలువ 27.2. మొత్తం సముద్రపు బోరాన్‌ని కలిపి, ఒక ప్రామాణిక నమూనా కంటే అందులో 11 పాలు ఎంత ఎక్కువో కొలిస్తే ఈనాడు 39.61 పర్ మిల్, ఏ సముద్రంలో ముంచినా ఒకటే.

ఇప్పుడు రెండింటినీ కలపండి. బోరాన్ అంతా బోరేట్‌గా మారిపోతే దాని విలువ 39.61 అయి తీరాలి. బోరేట్ నామమాత్రంగా ఉంటే దాని విలువ అంతకన్నా 27 కింద, 12 దగ్గర ఉంటుంది. పీహెచ్ మారేకొద్దీ బోరేట్ విలువ ఈ రెండు హద్దుల మధ్య పైకీ కిందికీ నడుస్తుంది. గుల్ల కట్టుకునే జీవి కాల్షియం కార్బొనేట్‌లోకి ప్రధానంగా బోరేట్‌నే చేర్చుకుంటుందని 1992లో హెమింగ్, హాన్సన్ వాదించారు. విద్యుదావేశం ఉన్నది బోరేటే కాబట్టి స్ఫటికంలో కార్బొనేట్ చోట ఇమడగలదు. ఈ ఆలోచనతో మరుసటి ఏడే స్పివాక్, యు, స్మిత్ గత 2.1 కోట్ల ఏళ్ల పీహెచ్ లెక్కకట్టారు.

లెక్క ఇదీ. గుల్ల చెప్పిన బోరేట్ విలువని 'గ' అనుకోండి.

పీహెచ్ = పీకే − లాగ్ [ (39.61 − గ) ÷ (1.0272 × గ + 27.2 − 39.61) ]

పీకే 8.6 దగ్గర పెట్టండి. గ 18 అయితే పీహెచ్ 8.05 వస్తుంది. గ 16కి దిగితే 7.83. గుల్లలో 2 పర్ మిల్ తేడా పీహెచ్‌లో 0.2 పైచిలుకు.

తిరువాన్మియూర్_కెరటం

మాస్టారూ, చాలా థాంక్సండీ. రెండు హద్దుల సంగతి చెప్పాక ఫార్ములా తనంతట తనే అర్థమైంది. కానీ వెయ్యిలో ఒక వంతు తేడాని ఒక చిన్న గుల్లలో ఎలా పట్టుకుంటారు?

గుల్లలవేట (పళ్లికరణై)

ఒక గుల్లలో పట్టుకోరండీ, ఒక్కో కొలతకి పదుల నుంచి వందల గుల్లలు కావాలి. నేను ఈ పని మీదే ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఇక్కడ గుల్ల అంటే బీచిలో ఏరుకునే గవ్వ కాదు. ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవులు కట్టుకునే గూడు. సముద్రం పైపొరల్లో తేలుతూ బతికి, చచ్చాక అడుక్కి రాలతాయి. అడుగు మట్టిని గొట్టంతో కోసి తీస్తే పొరలు పొరలుగా వస్తాయి, లోతుకి పోయేకొద్దీ పాతకాలం. ఆ మట్టిని 63 మైక్రాన్ల జల్లెడలో కడుగుతాం. బంకమన్ను పోయి ఇసుక రవ్వల్లాంటి గుల్లలు మిగులుతాయి. మైక్రోస్కోపు కింద తడిపిన సన్నని కుంచెతో ఒక్కొక్క గుల్లనీ ఏరాలి. అన్నీ ఒకే జాతివి కావాలి, ఒకే పరిమాణంలో ఉండాలి, ఉదాహరణకి 300 నుంచి 355 మైక్రాన్ల మధ్య. చూపు మసకబారేదాకా ఏరితే ఒకటి రెండు మిల్లీగ్రాములు వస్తాయి. అందులో బోరాన్ పది పీపీఎంకి (పది లక్షల్లో పది వంతులకి) అటూ ఇటూ. అంటే మేం చివరికి కొలిచేది నానోగ్రాముల్లో ఉంటుంది.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. ల్యాబుల్లో వాడే గాజు బోరోసిలికేట్ గాజు. అందులో బోరాన్ దండిగా ఉంటుంది. కాబట్టి గాజు సామాను ముట్టకూడదు, అన్నీ టెఫ్లాన్ గిన్నెలే. క్లీన్ రూములో గాలిని వడకట్టే ఫిల్టర్లు కూడా మామూలుగా బోరోసిలికేట్ నారతోనే చేస్తారు, వాటినీ మార్చాలి. గుల్లల్ని చిదిపి, అంటుకున్న బంకమట్టిని కడిగి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో సేంద్రియ పదార్థాన్ని తీసేసి, ఆమ్లంలో కరిగించి, బోరాన్‌ని మాత్రమే పట్టుకునే రెజిన్ గుండా పంపి, అప్పుడు మాస్ స్పెక్ట్రోమీటరులో పెడతారు. మేం ఏరి శుభ్రం చేసేదాకా ఇక్కడ చేసి, కొలతకి వేరే ఊరు పంపుతాం. బాగా చేసిన కొలతలో తప్పు 0.2 పర్ మిల్ దాకా ఉంటుంది. మాస్టారి లెక్క ప్రకారం అది పీహెచ్‌లో 0.02 కొద్దిగా పైన. మీరు అడిగిన రెండో దశాంశం అక్కడిది.

కానీ నీటి పీహెచ్ సరాసరి గుల్లలోకి దిగదు. చాలా ఫోరామ్‌లు తమ ఒంట్లో శైవలాలని పెంచుకుంటాయి. పగలు అవి కిరణజన్య సంయోగక్రియ చేసి చుట్టూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని లాగేస్తాయి, దాంతో గుల్లని ఆనుకుని ఉన్న నీటి పీహెచ్ పెరుగుతుంది. ఆర్బులినా యూనివర్సా అనే జాతి పక్కన సన్నని ఎలక్ట్రోడు పెట్టి కొలిస్తే వెలుతురులో 8.8 దాకా, చీకట్లో 7.9 దాకా కనిపించింది. చుట్టూ ఉన్న సముద్రం మాత్రం అదే. అందుకే బతికున్న జీవుల్ని పట్టుకొచ్చి, తెలిసిన పీహెచ్ ఉన్న నీళ్లలో పెంచి, ఒక్కో జాతికి విడివిడిగా సవరణ రేఖ గీస్తారు. అడుగున బతికే సిబిసిడాయిడిస్‌కి ఈ శైవలాల గొడవ లేదు. అది లోతునీళ్ల బోరేట్‌కి చాలా దగ్గరగా ఉంటుంది.

తరమణి_రాజు

అక్కా, అంతరించిపోయిన జాతుల్ని పెంచి చూడలేరు కదా? 5.6 కోట్ల ఏళ్ల కిందటి జాతులేవీ ఇప్పుడు లేవు. మరి ఆ సవరణ ఎక్కణ్ణుంచి తెస్తారు?

గుల్లలవేట (పళ్లికరణై)

సరైన చోట పట్టుకున్నావు తమ్ముడూ. బతికున్న దగ్గరి జాతుల్ని బట్టి, గుల్లలోని కార్బన్ ఐసోటోపులు పరిమాణంతో ఎలా మారుతున్నాయో చూసి (శైవలాలు ఉన్నాయో లేవో అది చెబుతుంది), ఒకే పొరలో దొరికిన వేర్వేరు జాతుల్ని పోల్చి ఒక హద్దు వేస్తారు. ఒక్క విలువ చెప్పి ఇదే అనడం కుదరదు. అందుకే నేను పాత గ్రాఫులు చూసేటప్పుడు ముందు చూసేది గీతని కాదు, గీత చుట్టూ వేసిన నీడ వెడల్పుని, అంటే తప్పు ఎంత ఉండవచ్చో చెప్పే పరిధిని. వెడల్పు వెయ్యని గ్రాఫు నాకు పనికిరాదు.

ఈ పద్ధతిని పరీక్షించడానికి మాత్రం ఒక గట్టి చోటు ఉంది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలిబుడగలు గత 8 లక్షల ఏళ్ల కార్బన్ డయాక్సైడ్‌ని నేరుగా దాచిపెట్టాయి. మంచుయుగాల్లో 180 పీపీఎం దగ్గర, మధ్యలో వచ్చిన వెచ్చని కాలాల్లో 280 దగ్గర. ఆ కాలాల గుల్లల్లో బోరాన్ కొలిస్తే మంచుయుగపు పైనీళ్ల పీహెచ్ 0.15 దాకా ఎక్కువగా వచ్చింది, గాలిబుడగల అంకెలతో సరిపోయింది. బార్బెల్ హోనిష్, గావిన్ ఫోస్టర్ లాంటివాళ్లు ఈ సరిచూపు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. మంచు జవాబు చెప్పే కాలంలో గుల్ల సరిగ్గా చెప్పింది కాబట్టే మంచు లేని కాలంలో దాని మాటకి విలువ.

వేలచ్చేరి_సందేహి

అంతా చదివాను. పద్ధతి గురించి నాకు పేచీ లేదు. నా సందేహం వేరే. మన పక్కనే అరియలూరు ఉంది. డైనోసార్లు తిరిగిన క్రెటేషియస్ కాలంలో అక్కడ సముద్రం. కారై దగ్గరి బంజరు మట్టిదిబ్బల్లో అమ్మోనైట్లు దొరుకుతాయి, అరియలూరు సున్నపురాయి మీద సిమెంటు ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. ఆ కాలంలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికంటే ఎక్కువ, సముద్రపు పీహెచ్ తక్కువ. అయినా గుల్లలు కట్టుకునే జీవులు సుభిక్షంగా ఉన్నాయి. ఇంగ్లండులో సుద్దకొండలే లేచాయి. పీహెచ్ తగ్గితే గుల్లలు కరిగిపోతాయని ఇప్పుడు చెప్పేది ఎలా నమ్మాలి? ఊరికే వాదనకి అనడం లేదు. మా అమ్మాయి స్కూల్లో ప్రాజెక్టు చేస్తూ ఈ ప్రశ్న అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

పెరంబూర్_మాస్టారు

మీ అమ్మాయి మంచి ప్రశ్న అడిగిందండీ. ఈ విషయంలో అసలు కీలకం ఇదే, కాబట్టి తొందరపడకుండా చెబుతాను.

గుల్ల కరగడం, కరగకపోవడం పీహెచ్ ఒక్కదాని మీదే ఆధారపడదు. నీటిలో కాల్షియం ఎంత, కార్బొనేట్ అయాన్ ఎంత అన్నదాని మీద ఆధారపడుతుంది. ఆ రెంటి లబ్ధం ఒక హద్దు దాటి ఉంటే గుల్ల నిలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ గబగబా కలిస్తే పీహెచ్ పడుతుంది, కార్బొనేట్ కూడా పడుతుంది, రెండూ ఒకేసారి. కానీ అదే వాయువు లక్షల ఏళ్ల మీద నెమ్మదిగా పెరిగితే కథ మారుతుంది. గాలి వెచ్చబడి వానలు పెరిగి, నేల మీది రాళ్లు ఎక్కువగా అరిగి, కాల్షియమూ క్షారత్వమూ నదుల గుండా సముద్రానికి చేరతాయి. అడుగున పేరుకున్న సున్నపు బురద కొంత కరిగి తనూ సర్దుతుంది. పీహెచ్ తక్కువగానే ఉండిపోయినా కార్బొనేట్ సంతృప్తత నిలదొక్కుకుంటుంది. దానికి తోడు క్రెటేషియస్ సముద్రాల్లో కాల్షియం ఇప్పటికంటే ఎక్కువ. సుద్దకొండలు లేచింది అలాంటి నీళ్లలో.

2015 డిసెంబరు చెన్నై వరద మనకందరికీ గుర్తే. ఆ నీళ్లే నెల రోజుల మీద అడయార్‌లో పారి ఉంటే సైదాపేటలో ఎవరి గుమ్మమూ తడిసేది కాదు. ఒక్క రాత్రిలో వచ్చాయి. కార్బన్ విషయంలోనూ ఎంత అన్నదానికంటే ఎంత వేగంగా అన్నదే ముందు చూడాలి. రాళ్లు అరిగి సర్దడానికి పదివేల ఏళ్లకి పైనే పడుతుంది. మనం చేస్తున్నది రెండు మూడు వందల ఏళ్ల పని.

కాబట్టి మీ అమ్మాయికి ఇలా చెప్పండి: అరియలూరు గుల్లలు తక్కువ పీహెచ్‌లో బతకవచ్చని చూపిస్తాయి. పీహెచ్ వేగంగా పడిపోతే ఏమవుతుందో అవి చూపించవు. దానికి వేగంగా పడిన ఘట్టాలనే వెతకాలి.

వేలచ్చేరి_సందేహి

ఇది నాకు ఎవరూ ఇలా విడదీసి చెప్పలేదు మాస్టారూ. కృతజ్ఞతలు. అయితే వేగంగా పడిన ఘట్టాలు ఏవి?

రాజమండ్రి_రాళ్లు (టి.నగర్)

ఇది నేను అందుకుంటాను, మా ఊరి రాళ్లకి దీంతో సంబంధం ఉంది. రాజమండ్రి దగ్గర గోదావరికి అటూ ఇటూ నల్లరాతి క్వారీలు ఉన్నాయి కదా, కాటేరు, దుద్దుకూరు, గౌరీపట్నం. అది దక్కన్ లావా. పడమటి కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి అప్పటి సముద్రతీరం దాకా వచ్చింది. రెండు లావా పొరల మధ్య గుల్లలున్న సున్నపురాయి పొర ఉంటుంది, చిన్నప్పుడు అందులో ఆలిచిప్పలు ఏరేవాళ్లం. వయసు 6.6 కోట్ల ఏళ్ల దగ్గర. డైనోసార్లు పోయిన కాలం.

ఆ అంతానికి కారణం దక్కన్ లావా వాయువులా, మెక్సికోలో చిక్షులుబ్ దగ్గర పడ్డ ఉల్కా అని ఏళ్లుగా వాదన నడిచింది. 2019లో మైఖేల్ హెనెహన్ బృందం ఆ సరిహద్దు పొరల్లోని ఫోరామ్‌లలో బోరాన్ కొలిచింది. నెదర్లాండ్స్‌లో ఒక గుహలో సరిహద్దుకి సరిగ్గా పైన ఉన్న మట్టిపొర దొరకడం వాళ్ల అదృష్టం. ఉల్క పడ్డాక పైనీళ్ల పీహెచ్ వెయ్యేళ్లలోపే 0.25 దాకా పడింది. పడకముందు, లావా పారుతున్న కాలంలో చెప్పుకోదగ్గ పతనం కనబడలేదు. నన్ను అడిగితే బోరాన్ పద్ధతి తీర్చిన అతి పెద్ద తగాదా ఇదే. దక్కన్‌కి అసలు పాత్రే లేదని దీనర్థం కాదు. సముద్రాన్ని ఆమ్లంగా మార్చిన ఆఖరి దెబ్బ దానిది కాదు, అంతే.

రెండోది కెరటం గారు చూసిన 5.6 కోట్ల ఏళ్ల నాటి పీఈటీఎం, అంటే కార్బన్ గాలిలో చేరి భూమి బాగా వేడెక్కిన ఘట్టం. పసిఫిక్‌లో షాట్‌స్కీ రైజ్ దగ్గర తీసిన మట్టిలో 2014లో పెన్మన్ బృందం 0.3 దాకా పతనం చూపింది. లోతునీళ్లలో బతికే ఫోరామ్‌లు అప్పుడు చాలా జాతులు అంతరించాయి. 2017లో గుట్యార్ బృందం బోరాన్ లెక్కని నమూనాలతో కలిపి, గాలిలోకి చేరిన కార్బన్ 10 లక్షల కోట్ల కిలోల మీద, అంటే 10,000 గిగాటన్నుల దాకా ఉంటుందని, ఎక్కువ భాగం ఉత్తర అట్లాంటిక్ అగ్నిపర్వతాలదని తేల్చింది. కానీ అది వేల ఏళ్ల మీద నడిచింది, ఏడాదికి ఒక గిగాటన్ను అటూ ఇటూ. ఇప్పుడు మనం శిలాజ ఇంధనాలు కాల్చి వదులుతున్నది ఏడాదికి 10 గిగాటన్నుల కార్బన్.

గుల్లలవేట (పళ్లికరణై)

రాళ్లు గారూ, చిన్న సవరణ: 10,000 గిగాటన్నులంటే 10 లక్షల కోట్ల కిలోలు కాదు, 10 లక్షల కోట్ల టన్నులు. గిగాటన్నంటే 100 కోట్ల టన్నులు కదా. మిగతాది అంతా సరే.

సూళ్లూరుపేట_సీను (ప్యారిస్ కార్నర్)

మా వైపు పులికాట్ సరస్సు అడుగు మట్టిలో పాత ఆలిచిప్పల పొరలు ఉంటాయి. సున్నం కోసం తవ్వేవాళ్లు. వేల ఏళ్ల నాటివని అంటారు. వాటిలో బోరాన్ చూస్తే మన బంగాళాఖాతం పాత పీహెచ్ తెలియదా? అంత దూరం ఓడ వేసుకుని వెళ్లి మట్టి తీయడం ఎందుకు?

గుల్లలవేట (పళ్లికరణై)

సీను గారూ, ఆ గుల్లలతో చేయవలసిన పని చాలా ఉంది. కార్బన్ డేటింగ్ చేస్తే సరస్సు ఎప్పుడు ఎంత విస్తరించిందో తెలుస్తుంది. పీహెచ్‌కి మాత్రం అవి చిక్కు. పులికాట్ నీళ్లు వానాకాలంలో దాదాపు మంచినీళ్లు, ఎండాకాలంలో సముద్రం కంటే ఉప్పన. ఉప్పదనంతో పాటు బోరాన్ మోతాదూ పీకే విలువా మారతాయి. పైగా ఆలిచిప్ప, పగడం లాంటివి గుల్ల కట్టే చోట తమ లోపలి ద్రవపు పీహెచ్‌ని తామే సర్దుకుంటాయి. వాటి బోరాన్ బయటి నీళ్ల గురించి కొంత, ఆ జీవి గురించి చాలా చెబుతుంది.

బంగాళాఖాతం మొత్తం మీదే ఈ ఉప్పదనం సమస్య ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ అన్నీ ఇందులోకే దిగుతాయి. వాటి మట్టి కుప్పలు గుల్లల్ని కప్పేస్తాయి కూడా. అందుకే 2014-15లో జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు ఓడ ఈ వైపు వచ్చినప్పుడు (ఐఓడీపీ అనే అంతర్జాతీయ సముద్రగర్భ తవ్వకాల కార్యక్రమం 353వ యాత్ర) తవ్విన చోట్లలో ఒకటి నైంటీ ఈస్ట్ రిడ్జ్ మీద పెట్టుకున్నారు. అది సముద్రగర్భంలో ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే పర్వతశ్రేణి. అక్కడ నీటి లోతు 2,900 మీటర్ల దగ్గర. చుట్టుపక్కల కంటే ఎత్తు కాబట్టి నదుల బురద మీద పడదు, గుల్లలు కరిగేంత లోతూ కాదు. ఆ మట్టి కోతలు ఇప్పుడు ఉండేది కోచిలో, మన కేరళ కొచ్చి కాదు, జపాన్ కోచి. పరిశోధనకి కావాలంటే అర్జీ పెట్టి నమూనా తెప్పించుకోవచ్చు. మన తీరం పక్కన ఇంత చరిత్ర ఉంది, చెన్నైలో సముద్రం మీద పనిచేసే సంస్థలు ఉన్నాయి, మన పిల్లలు ఇంకా ఎక్కువమంది ఈ పనిలోకి రావాలని నాకు గట్టిగా ఉంది.

తిరువాన్మియూర్_కెరటం

మాస్టారి ఫార్ములా కోడ్‌లో పెట్టి ఆడి చూశాను. ఒకటి కనబడింది, సరేనా చెప్పండి. మొత్తం సముద్రం విలువ 39.61 అన్నది ఈనాటిది కదా. కోట్ల ఏళ్ల కిందట అదే ఉండాలని ఏముంది? దాన్ని 38.5 అనుకుని మళ్లీ లెక్కవేశాను. గ 15 అయినప్పుడు, 39.61తో పీహెచ్ 7.68 వస్తోంది, 38.5తో 7.84. ఒకే గుల్ల, 0.16 తేడా. ఇది ల్యాబులో వచ్చే తప్పు కంటే చాలా ఎక్కువ. ఇంకా ఏమిటంటే, గ 15 నుంచి 14కి పడిందనుకుంటే, 39.61తో పతనం 0.20, 38.5తో 0.14. అసలు అంకే కాదు, పతనం కూడా మారుతోంది.

గుల్లలవేట (పళ్లికరణై)

మీరు ఈ పద్ధతిలోని అతి పెద్ద బలహీనతని మీ అంతట మీరే పట్టుకున్నారండీ. లెక్క సరిగ్గా ఉంది.

సముద్రంలో బోరాన్ నిలిచే కాలం కోటి ఏళ్ల పైన. నదులు తెచ్చేది, బంకమట్టీ సముద్రగర్భపు రాయీ లాక్కునేది మారితే మొత్తం విలువ మెల్లగా కదులుతుంది. 5 కోట్ల ఏళ్ల కిందట అది ఇప్పటికంటే తక్కువని చాలా లెక్కలు చెబుతాయి, ఎంత తక్కువన్నదే తగువు. కాబట్టి "5 కోట్ల ఏళ్ల కిందట సముద్రపు పీహెచ్ ఇంత" అని ఎవరైనా ఒక్క అంకె చెబితే నేను ఒప్పుకోను.

కానీ అదే నిలకడ చిన్న ఘట్టాల్లో మనకి మేలు చేస్తుంది. పీఈటీఎం మొత్తం రెండు లక్షల ఏళ్ల లోపు. అంత తక్కువలో సముద్రపు మొత్తం బోరాన్ విలువ కదలలేదు. కాబట్టి గుల్లలో కనబడిన పతనం సముద్రం విలువ మారినందువల్ల వచ్చింది కాదు, అది ఖాయం. ఎంత పతనం అన్నది మాత్రం మీరు చూసినట్టు మొదలుపెట్టిన చోటుని బట్టి కొంత మారుతుంది, ఎందుకంటే రేఖ కింది కొసన చదునుగా ఉంటుంది, అక్కడ 1 పర్ మిల్ ఎక్కువ పీహెచ్‌కి సమానం. అందుకే పాత ఘట్టాల మీద పనిచేసేవాళ్లు సముద్రం విలువకి ఒక పరిధి ఇచ్చి వేలసార్లు లెక్కకట్టి పతనాన్ని కూడా పరిధిగానే చెబుతారు. నాకు నమ్మకం ఉన్నది అక్కడ: పతనం ఉందా, ఎంత త్వరగా వచ్చింది, ఎన్నాళ్లకి కోలుకుంది. ఈ మూడూ గుల్ల గట్టిగా చెబుతుంది.

తరమణి_రాజు

అక్కా, పీహెచ్ తెలిస్తే గాలిలో కార్బన్ డయాక్సైడ్ కూడా తెలిసినట్టేనా? కొన్ని గ్రాఫుల్లో నేరుగా పీపీఎం వేస్తున్నారు.

పెరంబూర్_మాస్టారు

నేరుగా రాదు నాయనా. సముద్రపు కార్బన్ వ్యవస్థని పూర్తిగా తేల్చాలంటే రెండు కొలతలు కావాలి. పీహెచ్ ఒకటి. రెండోది క్షారత్వమో, కార్బొనేట్ సంతృప్తతో ఏదో ఒకటి ఊహించాలి. అయితే పీహెచ్ లాగరిథమ్ కొలత కాబట్టి కార్బన్ డయాక్సైడ్‌ని ఎక్కువగా నడిపేది అదే. క్షారత్వం అంచనా పదోవంతు తప్పితే పీపీఎం కూడా సుమారు పదోవంతు తప్పుతుంది, అంతకుమించి పెద్దగా చెడదు. 30 లక్షల ఏళ్ల కిందట ప్లయోసీన్‌లో గాలి 400 పీపీఎం దగ్గర ఉండేదన్న అంచనా ఇలా వచ్చిందే. ఆ కాలానికి సముద్రపు బోరాన్ విలువ పెద్దగా మారలేదు కాబట్టి దానికి బలం ఎక్కువ.

లాగరిథమ్ అన్నాను కనుక ఒక మాట. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉన్న పీహెచ్ ఇప్పుడు 8.1 దగ్గరికి వచ్చిందంటే 0.1 చిన్నదిగా వినిపిస్తుంది. హైడ్రోజన్ అయాన్లు పాతికశాతం పైగా పెరిగాయని దాని అర్థం. 0.3 పడితే రెట్టింపు. పిల్లలకి చెప్పేటప్పుడు ఈ రూపంలో చెప్పండి.

తిరువాన్మియూర్_కెరటం

చివరిగా ఒకటి. పీకే ఉష్ణోగ్రతతో కూడా మారుతుందని చదివాను. వేడెక్కిన ఘట్టంలో నీళ్లు 4-5 డిగ్రీలు పెరిగితే ఆ మార్పే పీహెచ్ పతనంలా కనబడదా? కోడ్‌లో ఉష్ణోగ్రత ఎక్కడి నుంచి తీసుకోవాలి?

గుల్లలవేట (పళ్లికరణై)

ఒక డిగ్రీకి పీకే 0.01 కొద్దిగా పైన తగ్గుతుంది. 5 డిగ్రీలకి 0.06 దాకా. వదిలేస్తే తప్పు, కానీ 0.3 పతనాన్ని మింగేసేంత కాదు. దిశ కూడా గుర్తుపెట్టుకోండి: వేడిని పట్టించుకోకపోతే పతనం ఉన్నదానికంటే చిన్నదిగా కనబడుతుంది, పెద్దదిగా కాదు.

ఉష్ణోగ్రత అవే గుల్లల నుంచి తీసుకోవచ్చు. కరిగించిన ద్రావణంలో కొంచెం పక్కన పెట్టి మెగ్నీషియం, కాల్షియం నిష్పత్తి కొలుస్తాం. నీళ్లు వెచ్చనయ్యేకొద్దీ గుల్లలో మెగ్నీషియం పెరుగుతుంది. బోరాన్, మెగ్నీషియం ఒకే గుల్లల నుంచి రావడం వల్ల కాలం, లోతు కలవలేదన్న బెంగ ఉండదు. అయితే పీహెచ్ తగ్గినప్పుడు కూడా కొన్ని జాతుల్లో మెగ్నీషియం కాస్త పెరుగుతుంది, కాబట్టి రెండింటినీ విడివిడిగా కాకుండా ఒకదాన్నొకటి సరిచూసుకుంటూ కలిపి తేల్చాలి. కోడ్‌లో ముందు ఒక ఉష్ణోగ్రత ఊహించి పీహెచ్ కట్టండి, ఆ పీహెచ్‌తో ఉష్ణోగ్రతని సవరించండి, రెండూ నిలకడకి వచ్చేదాకా తిప్పండి. సముద్రం బోరాన్ విలువకి 38 నుంచి 39.6 దాకా పరిధి పెట్టి నడపండి. గ్రాఫు వచ్చాక నీడ వెడల్పుతో సహా ఇక్కడ పెడితే, మా దగ్గరి జాతుల సవరణ రేఖలతో పోల్చి చెబుతాను.